ఏడుకు నూటడెబ్బై

గ్రేడింగు బెల్టు కాడ
మూడు మామిడి సీజన్లు నిలబడినాక
నన్ను బాయిలర్ రూముకు మార్చినారు.
ఆడపిల్లకు ఇదేం పని అని ఎవరూ అనలేదు.
ఆ కాకకు ఎవరూ రామన్నారు, అంతే.

మొగిలప్ప మేస్త్రి గోడ మీద బొగ్గుతో
రెండు వరసల అంకెలు రాసిపెట్టి ఉన్నాడు,
ఎడమపక్క ఒత్తిడి, కుడిపక్క వేడి.
"లోపల నీళ్ళుండేదాకా పాపా,
ఈ ఇద్దరూ ఒకే మాట మీద ఉంటారు.
ఒకటికి నూటిరవై.
ఏడుకు నూటడెబ్బై.
పదికి నూటఎనబైనాలుగు.
ఒకర్ని అడిగితే చాలు,
రెండోవాళ్ళు యాడుండారో తెలిసిపోతుంది."

మా చిన్నమ్మ తిరుమలలో టీ బంకు కాడ పనిచేసేది,
కొండ మీద నీళ్ళు బిరీన తెర్లుతాయి గానీ
పప్పు మాత్రం ఉడకదని తిట్టుకునేది.
ఆ మాట చెప్తే మేస్త్రి నవ్వినాడు.
"పైన గాలి మోత తక్కువ.
నెత్తిన బరువు లేని నీళ్ళకు
తొందరెక్కువ, కాక తక్కువ."

ఇంకొకటి కూడా చెప్పినాడు, బీడీ ఆర్పి.
మొదటి కిలో ఎక్కాలంటే ఇరవై డిగ్రీలు కావాల.
తొమ్మిది నుంచి పదికి నాలుగే చాలు.
"నాలుగే గదా అని కునుకు తీసినోళ్ళుండారు."
వాళ్ళేమైనారో చెప్పలేదు.
ఆయన ఎడమ చెయ్యి వెనకపక్క చర్మం
కాల్చిన వంకాయ మాదిరి మెరుస్తా ఉండింది.
నేను అడగలేదు.

జూన్ నెలాఖరు. తోతాపురి కాయల ట్రాక్టర్లు
మా గేటు నుంచి చిత్తూరు బైపాస్ దాకా.
బోర్డు మీద రేటు పొద్దున ఒకటి,
సాయంత్రానికి తుడిచి ఇంకొకటి.
రైతులు కాయల మీదే దుప్పటి పరుచుకుని పడుకున్నారు,
అడుగున కాయలు చెమర్చి తియ్యగా కుళ్ళుతా ఉన్నాయి.
లోపల మేనేజరు, స్టీమ్ చాలదు, ఇంకా తొయ్యండని ఫోను మీద ఫోను.

రాత్రి రెండున్నర.
గేజీ ముల్లు ఏడు కాడ ఉంది.
ఎంత పొట్టు తోసినా ఏడే.
నేను ఇంకో గంప ఎత్తబోతే
మేస్త్రి గంప అంచు పట్టుకున్నాడు.
గేజీని చూడటంలేదు ఆయన.
స్టీమ్ లైను మీది థర్మామీటరును చూస్తా ఉన్నాడు.

నూటఎనబై.

"ఏడుకెంత?"
"నూటడెబ్బై."
"మరి?"
గోడ మీద బొగ్గు అంకెల్లో నా వేలు
పైకి, ఇంకా పైకి పాకింది. తొమ్మిది.
అంత సేపట్లోనే నూటఎనబైరెండు.

ఫ్యాను ఆగింది. డంపరు మూసినాము.
ఆయన సేఫ్టీ వాల్వు గొలుసు పట్టి లాగినాడు.
అట్లాంటి అరుపు నేను ఎప్పుడూ వినలేదు,
పళ్ళలో నుంచి వినబడింది.
పైపు మూతి కాడ మూరెడు దూరం ఏమీ లేదు,
ఖాళీ గాలి. ఆ పైన తెలుపు.
నా చెవిలో నోరు పెట్టి అరిచినాడు:
"ఆ తెల్లది ఆవిరి కాదు, అయిపోయిన ఆవిరి!
ఏమీ కనబడని చోట చెయ్యి పెట్టబాక!"

నూటడెబ్బైఆరు. నూటడెబ్బైమూడు.
గొలుసు వదిలినాడు.
ఆ నిశ్శబ్దానికి ట్రాక్టర్ల వరసంతా లేచి కూర్చుంది.
ఎవరో ముసలాయన, రేటు పెంచినారా అని
వాచ్‌మన్‌ను అడిగినాడంట.

పొద్దున అంతా చల్లారినాక గేజీ ఊడదీసినాము.
కింది వంపు గొట్టంలో సున్నం మాదిరి గట్టిపడిన మడ్డి,
చీపురుపుల్ల కూడా దూరలేదు.
కొత్త గేజీ మధ్యాహ్నానికి వచ్చింది.
పాతదాన్ని మేస్త్రి చొక్కాతో తుడిచి నాకిచ్చినాడు.

కింద నిప్పు లేదు, లోపల నీళ్ళు లేవు,
అయినా నా అరచేతిలో ఆ ముల్లు
ఏడే చూపిస్తా ఉండింది,
ఒట్టేసినట్టు.